ఊరూ వాడా ఒకటే అయితే రెండు మాటలెందుకు?

జాతర వార్త రాసినా, ఎన్నికల సభ వార్త రాసినా మన విలేకరుల చేతికి ముందుగా తగిలే మాట 'ఊరూవాడా కదిలింది'. అందరూ వచ్చారని అర్థం. నేనూ చాలాసార్లు రాశాను. ఒకసారి డెస్క్‌లో కూర్చుని అదే హెడ్డింగ్ పెడుతుంటే అనుమానం వచ్చింది. ఊరు అంటే అందరూ వచ్చేసినట్టే కదా, మళ్లీ వాడ ఎందుకు?

నిఘంటువు తీస్తే వాడ అంటే వీధి, పేట. అందులో తప్పుపట్టేదేమీ లేదు. పల్లెలో వినండి, తేడా తెలుస్తుంది. గూడెంలో ఉండే మనిషి కిరాణా కొట్టుకు బయల్దేరుతూ 'ఊళ్లోకి వెళ్లొస్తా' అంటాడు. రేషన్ కార్డు మీద, ఓటరు లిస్టులో ఆయన ఉండేది ఆ ఊళ్లోనే. నడిస్తే ఐదు నిమిషాలు. అయినా నోట్లోంచి వచ్చే మాట మాత్రం పక్క ఊరికి పోయొస్తున్నట్టే ఉంటుంది. ఇందులో ఆయనకు బాధ ఉందా అంటే, అన్న ప్రతిసారీ ఉండకపోవచ్చు. అలవాటైపోయిన మాట. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ అలవాటే.

ఆ చోటికి పేర్లు మాత్రం చాలానే మారాయి. మాలపల్లె, మాదిగగూడెం, సీమ వైపు గేరి. గాంధీ కాలంలో హరిజనవాడ. తర్వాత ఎస్సీ కాలనీ. ఇప్పుడు చాలాచోట్ల అంబేద్కర్ నగర్. హైదరాబాద్‌లో కాలనీ అంటే పార్కు, గేటు, వాచ్‌మన్ ఉన్న చోటు. అదే మాట పల్లెకు పోయేసరికి ఇంకో అర్థం తొడుక్కుంది. తమిళనాడులోనూ ఇదే గొడవ. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్, ప్రభుత్వ రికార్డుల నుంచి 'కాలనీ' అనే మాటను తీసేస్తామని అసెంబ్లీలో ప్రకటించారు. మంచిదే. కాకపోతే మన అనుభవం చూస్తే, కొత్త పేరు పెట్టిన కొన్నాళ్లకే దానికీ పాత పేరు వాసన పట్టుకుంటోంది.

పాత మాట వెలి. వెలి అంటే బయట. వెలుపల అన్న మాటలో ఉన్నదీ ఆ వెలే. దీంట్లో నాకు నచ్చే సంగతి ఒకటుంది. నచ్చే అనకూడదేమో, పనికొచ్చే అందాం. వెలి అనేది దానంతట అది పడదు, ఎవరో వెయ్యాలి. 'వెలేశారు' అనగానే ఎవరు, ఎందుకు అని అడగబుద్ధవుతుంది. వేరుపడడం అలా కాదు. అన్నదమ్ములు వేరుపడతారు, కొత్త జంట వేరు కాపురం పెడుతుంది, అది వాళ్లిష్టం. ఒంటరితనం మనసుకు సంబంధించింది. ఏకాంతం కోరుకునేది. ఈ మాటలన్నిటి మధ్యా నేరం వాసన తగిలేది వెలికే.

పేపర్లలో ఇప్పుడు ఆ మాట తగ్గింది. 'సాంఘిక బహిష్కరణకు గురైన కుటుంబం' అని రాస్తున్నాం. ఏదో వరదకు గురైనట్టు, వడదెబ్బకు గురైనట్టు! నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీల (వీడీసీల) మీద ఇలాంటి వార్తలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. వీడీసీ అంటే పంచాయతీ కాదు, చట్టం కింద ఏర్పడిందీ కాదు. చందా కట్టలేదనో, భూమి తగాదాలో మాట వినలేదనో తీర్మానం చేస్తారు. చాటింపు వేయిస్తారు. మర్నాటి నుంచి కొట్టువాడు ఉప్పు ప్యాకెట్ ఇవ్వడు. మంగలి రాడు. కూలికి పిలిచేవాళ్లుండరు. మాట్లాడినవాళ్లకు జరిమానా. చెయ్యి ఎత్తకుండా, తిట్టకుండా ఒక ఇంటిని ఊపిరాడకుండా చెయ్యడం ఇది. బాధితులు దళితులో గిరిజనులో అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 2015 సవరణలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చారు. మహారాష్ట్ర ఇంకో అడుగు వేసి, ఎవరిని వెలేసినా శిక్ష పడేలా 2016లో విడిగా చట్టం చేసింది.

అదే 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బయటికి పంపేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్‌లో ఆరుబయట గుడారం వేసుకున్నారు. కాగితాల మీద అది సస్పెన్షన్. గుడారానికి వాళ్లు పెట్టుకున్న పేరు వెలివాడ. ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న చనిపోయాక దేశమంతా ఆ తెలుగు మాట పలికింది. సస్పెన్షన్ అంటే క్రమశిక్షణ గుర్తొస్తుంది. వెలివాడ అంటే ఎవరు వేశారన్న ప్రశ్న కూడా వెంట వస్తుంది. అందుకే ఆ పేరు పెట్టడాన్ని నేను గొప్ప భాషా జ్ఞానం కింద లెక్కేస్తాను.

అంటు సంగతి ఇంకా విచిత్రం. తోటలో అంటు కడితే రెండు కొమ్మలు ఒకటవుతాయి, మామిడి తియ్యగా కాస్తుంది. వంటింట్లోకి వస్తే అవే అంట్లు. మనిషి దగ్గరికొచ్చేసరికి అంటరానితనం. ముట్టు కూడా అంతే. మా అమ్మమ్మ ఇంట్లో వెనక వసారాలో ఒక సత్తుగ్లాసు, చుట్టిన ఈతచాప విడిగా ఉండేవి. పిన్ని ఆ చాప మీద కూర్చుంటే పిల్లలకు చెప్పే కారణం 'కాకి ముట్టింది' అని. మేం నిజంగానే కాకి కోసం జామచెట్టు మీద వెతికేవాళ్లం. వెలేసినవాళ్ల పేరు ఊరు దాచిపెడితే, ఇంట్లో ఆ పని కాకి మీదికి నెట్టారన్నమాట.

కరోనా వచ్చినప్పుడు 'సామాజిక దూరం' పాటించండి అని మైకుల్లో మోగించాం. సామాజికంగా దూరం పెట్టడం మనకు కొత్తా? విమర్శలొచ్చాక భౌతిక దూరం అన్నాం. 'ఎడంగా ఉండండి' అంటే చిన్నపిల్లాడికీ అర్థమయ్యేది. క్యూలో, బస్సులో రోజూ వాడే మాటే అది, ఏ కులం మరకా లేదు. ఎవరికీ తోచలేదు.

మొన్న ఒక పల్లెకు వెళ్తూ మండల కేంద్రంలో షేర్ ఆటో ఎక్కాను. ఊరి పేరు చెప్పాను. డ్రైవర్ అద్దంలోంచి చూసి అడిగాడు: "ఊళ్లోకా సార్, కాలనీకా?"