అయిదు అద్భుతాల మెసేజ్ పంపినవాళ్లందరికీ

ఒకే మెసేజ్ ఒకే రోజు మూడుసార్లు వచ్చింది. పొద్దున మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, మధ్యాహ్నం చీనీ (బత్తాయి) రైతుల గ్రూపులో, రాత్రి మా మేనత్త దగ్గర్నుంచి. ‘వానపాము, జలగ: ప్రకృతి ఇచ్చిన అయిదు అద్భుతాలు. పదిమందికి పంపండి’ అట. మా అత్త కింద రెండు దండాలు కూడా పెట్టింది. అనంతపురంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతానని అందరూ ‘నిజమేనా సార్?’ అని నన్నే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు.

వానపాముకు అయిదు గుండెలు అన్నారు. మన పుస్తకాల్లోని ఫెరిటిమా అనే వానపాముకు నాలుగు జతలు, విదేశీ పుస్తకాల్లోని లుంబ్రికస్ అనేదానికి అయిదు జతలు. అవీ రక్తాన్ని తోసే గొట్టాలే. ఎన్నయితే మనకేం? వదిలేయండి.

వానపామును కోస్తే రెండవుతాయట. మా పక్కింటి పిల్లాడు ఇది చదివి ఆరు ఎర్రలను బ్లేడుతో కోసి, మట్టి డబ్బాలో వేసి, పన్నెండు కోసం కాచుకున్నాడు. తెల్లారేసరికి డబ్బా నిండా చీమలు. ఏడుస్తూ నా దగ్గరికొస్తే ‘ఏ పురుగుకూ అట్లా జరగదు, పో’ అని కసిరాను.

తోటలో కిలోల లెక్కన వానపాములు వదిలితే ఎరువు ఖర్చు సున్నా అన్నది మూడోది. కంపోస్టు తొట్టిలో పెంచే ఐసీనియా, యూడ్రిలస్ రెండూ పేడ, కుళ్లిన ఆకు తింటూ పైపైన బతికేవి. వానపాము చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది, చర్మం ఆరితే చావే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప అనుకునే మన ఎర్రనేలల్లో, ఏప్రిల్ ఎండలో వాటిని వదిలితే కాకులకు పండగ. ఆ డబ్బుతో తయారైన కంపోస్టే కొనుక్కోండి. చీనీ పాదుల్లో ఆకు చెత్త కప్పి తడి నిలిపితే, లాంపిటో లాంటి మన నేల ఎర్రలు వాటంతటవే వస్తాయి.

ఇక అసలు సంగతి. ‘జలగ చెడు రక్తాన్ని మాత్రమే తాగుతుంది. షుగర్ పుండ్లు వారంలో మానుతాయి. సుశ్రుతుడే చెప్పాడు.’

ఇది రాసినాయన సుశ్రుతుణ్ణి తెరిచి చూసినట్టు లేదు. ఆయన 12 రకాల జలగలు చెప్పి, అందులో ఆరు విషపువని వేరు చేశాడు. మెసేజ్‌లో ఆ ఆరూ మాయం. ఇక చెడు రక్తమంటారా, ఒంట్లోని అయిదు లీటర్ల రక్తాన్ని గుండె సుమారు నిమిషానికోసారి చుట్టు తిప్పేస్తుంది. కాలి దగ్గర చెడుది, చేతి దగ్గర మంచిది అని అది విడిగా కూర్చోదు. జలగ హంస కాదు. మూడు దవడలతో కోసి, గడ్డకట్టనీయని హిరుడిన్ వదిలి, దొరికింది తాగుతుంది. తాగి రాలిపోయాక కూడా గంటల తరబడి రక్తం కారుతూనే ఉంటుంది.

ఆసుపత్రుల్లో జలగలు వాడతారు, నిజమే. అమెరికాలో 2004లో అనుమతి కూడా ఇచ్చారు. తెగిన వేలు అతికించాక, రక్తం లోపలికి వచ్చి బయటికి పోలేక వేలు నల్లబడితే, ఆ రక్తాన్ని తోడెయ్యడానికి. షుగర్ పుండు చాలాసార్లు దీనికి తలకిందులు: అక్కడికి రక్తమే సరిగా రాదు. వచ్చే కాలువ పూడిపోయిన చేనికి మురుగు కాలువ తవ్వితే పైరు పచ్చబడుతుందా? పైగా జలగ కడుపులో ఏరోమోనాస్ అనే బాక్టీరియా కాపురముంటుంది. ఆసుపత్రిలో జలగ పెట్టేటప్పుడు యాంటీబయాటిక్ ఇచ్చేది అందుకే. చెరువు జలగకు ఎవరిస్తారు?

పోయినేడు మా చిన్నాయన సీసాలో చెరువు జలగను తెచ్చి బొటనవేలి పుండు మీద పెట్టుకున్నాడు. స్పర్శ పోయిన కాలు, నొప్పి తెలియలేదు. ‘హాయిగా ఉందిరా’ అన్నాడు. రాత్రికి గుడ్డ మూడుసార్లు మార్చారు. పది రోజులు మానుతుందని చూసి, వాసన వచ్చాక చూపించుకున్నాడు. వేలు తీసేశారు. వేలు పోయింది జలగ వల్లేనని నేను అనను. ఆ పది రోజులు పోయింది మాత్రం దాని వల్లే. అత్తా, మీరు దండాలు పెట్టింది దీనికే.

అయిదోది, పట్టుకున్న జలగను వదిలించడానికి ఉప్పు చల్లడం. వద్దు, తాగింది పుండులోకే కక్కొచ్చు. గోరుతో అంచు లేపండి, వదులుతుంది.

ఒకటి ఒప్పుకోవాలి. పిల్లాడికి నేను చెప్పింది తప్పు. తల వైపు ముక్కకు కొత్త తోక రావడం చాలా ఎర్రల్లో ఉన్నదే. మన పేడకుప్పల్లో దొరికే పెరియోనిక్స్‌కు తల కూడా మళ్లీ మొలుస్తుంది. యూరప్, అమెరికా చెరువుల్లోని లుంబ్రిక్యులస్ అయితే ఎవరూ కోయకుండానే ముక్కలై, ఒక్కో ముక్కకు తలా తోకా వేసుకుంటుంది. నిన్న సాయంత్రం వాణ్ణి పిలిచి చెప్పాను. ‘పేడకుప్ప ఎక్కడుంది సార్?’ అన్నాడు.