స్టాండెడ్జ్ సొరంగం మూడేళ్ళలో పూర్తి కాలేదు

మహారాష్ట్రలోని మన సిరొంచ తాలూకా తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ఇంగ్లండ్‌లోని స్టాండెడ్జ్ కాలువ సొరంగం ప్రపంచంలోకెల్లా పొడవైనదని, దానిని యంత్రాలు లేకుండానే మూడేళ్ళలో తవ్వారని, లోపలి ప్రవాహమే పడవలను దాటించేదని, రెండు వందల ఏళ్ళలో అది ఒక్కరోజు కూడా మూతపడలేదని అందులో రాశారు. మన దేశంలో సొరంగాల పనులు ఏళ్ళ తరబడి సాగడానికి కూలీల బద్ధకమే కారణమని చివర తేల్చారు. కొండ కింద ప్రాణాలకు తెగించి పనిచేసేవారి మీద వేసిన నింద కనుక దీనికి జవాబు చెప్పక తప్పదు.

పొడవు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. స్టాండెడ్జ్ పొడవు 5,029 మీటర్లు. బ్రిటన్ వరకు అదే పెద్దది. ఫ్రాన్స్‌లో మార్సేయి దగ్గర 1927లో ప్రారంభమైన రోవ్ కాలువ సొరంగం ఏడు కిలోమీటర్లు దాటుతుంది.

మూడేళ్ళన్న మాట మరింత అన్యాయమైనది. పెన్నైన్ కొండల కింద తవ్వకం 1794లో మొదలైంది, పడవలు తిరగడం మొదలైంది 1811లో; అంటే పదిహేడేళ్ళు. ఊహించినదానికన్నా ఎక్కువగా ఊట నీరు లోపలికి దిగడంతో దానిని తోడిపోయడమే పెద్ద పనైంది, పైగా కాలువ తవ్విస్తున్న కంపెనీ దగ్గర డబ్బు చాలలేదు. ఇంజినీరు బెంజమిన్ ఔట్రామ్ 1801లో తప్పుకున్నాక పని దాదాపు నిలిచిపోగా, మరో ఇంజినీరు థామస్ టెల్‌ఫర్డ్‌ను పిలిపించి, 1807లో ఆయన ఇచ్చిన ప్రణాళిక ప్రకారం మళ్ళీ ముందుకు నడిపించారు. రెండు వైపుల తవ్వకాలు 1809లో కలిసినా, పడవ పట్టేలా లోపలి పనంతా ముగియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. యంత్రాలు లేవన్నదీ నిజం కాదు, నీరు తోడడానికి ఆవిరి యంత్రాలను వాడారు.

ప్రవాహం పడవలను దాటించేదన్న మాట మన ప్రాంతంలో సులువుగా నమ్మదగినట్టు ఉంటుంది. మేడిగడ్డ బరాజ్ ఒక కొస మన తాలూకా ఒడ్డునే ఉంది కనుక, కాలువ అనగానే పొలాలకు పారే నీరే మన మనసులో మెదులుతుంది. కానీ స్టాండెడ్జ్ సొరంగం ఉన్న హడర్స్‌ఫీల్డ్ కాలువ రవాణా కోసం తవ్వినది. నీటి మట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ పడవలను ఎక్కించి దించే తలుపుల గదులైన 74 లాకుల సాయంతో పడవలు కొండకు ఒకవైపు ఎక్కి మరోవైపు దిగుతాయి, ఆ రెండింటి నడుమ అన్నిటికన్నా ఎత్తైన మట్టంలో సొరంగం ఉంది. అక్కడ నీరు నిలకడగా ఉంటుందే తప్ప పడవను మోసుకుపోయే ప్రవాహం ఉండదు. పడవలను లాగే గుర్రాలు నడిచే గట్టు లోపల లేదు కాబట్టి వాటిని కొండ మీదుగా అవతలికి తోలుకెళ్ళేవారు. పడవ మీద మనుషులు పడుకుని, సొరంగం గోడలను కాళ్ళతో తన్నుతూ దానిని చీకట్లో ముందుకు నెట్టేవారు. ఖాళీ పడవకు సుమారు గంటా ఇరవై నిమిషాలు, సరుకు నిండినదానికి మూడు గంటలు పట్టేది. ఎదురుపడిన పడవలు తప్పుకోవడానికి కొన్నిచోట్ల వెడల్పు చేసినా, ముందు మేమంటే మేమని పడవలవారు పంతానికి పోవడంతో, ఒక వేళకు ఒక వైపు నుంచే వదిలే పద్ధతి పెట్టారు. ఆ కాళ్ళ కష్టాన్ని ప్రవాహం ఖాతాలో వేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఎన్నడూ మూతపడలేదన్నది పూర్తి అబద్ధం. పక్కనే 1848 నుంచి రైలు సొరంగాలు వచ్చాక రవాణా క్షీణించింది, 1944లో కాలువను అధికారికంగా మూసివేశారు. ఆ తరువాత రాళ్ళు కూలి ప్రమాదకరంగా మారిన సొరంగాన్ని బాగుచేసి, 2001లో తిరిగి తెరిచారు.

ఇక కూలీల బద్ధకం మాట. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి, నీరూ బురదా ముంచుకొచ్చి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఇంగ్లండ్ వారిని పదిహేడేళ్ళు నిలువరించిన వాటిలో ఊట నీరు ఒకటైతే, దానిని మరింత లోతున, యంత్రాల నడుమ ఇక్కడి కార్మికులు నేటికీ ఎదుర్కొంటున్నారు. సందేశం పంపినవారు మిగతావన్నీ సరిదిద్దినా సరిదిద్దకపోయినా, కూలీలను నిందించిన ఆ చివరి వాక్యాన్ని మాత్రం వెనక్కి తీసుకోవాలని అడుగుతున్నాను.