మెషీన్ పాడైందండీ

విశాఖ నగరంలో ఓ ఫ్లెక్సీ షాపు. కౌంటర్ మీద పెన్‌డ్రైవ్ పెట్టి, పది బై ఆరు బ్యానర్ ఒకటి కావాలన్నాడు ఓ కుర్రాడు. ఓనర్ ఫైలు తెరిచి చూశాడు. క్రిస్మస్ కూడిక, పైన శిలువ, కింద వాక్యం, పక్కన పాస్టరు గారి ఫొటో. ఒక్క క్షణం ఆగి పెన్‌డ్రైవ్ తీసి చేతిలో పెట్టేసి, "మెషీన్ పాడైంది బాబూ, రెండ్రోజులు పడుతుంది" అన్నాడు. ఆయన వెనకాల అద్దం తలుపు అవతల మెషీన్ శుభ్రంగా తిరుగుతూనే ఉంది, అందులోంచి అయ్యప్ప పడిపూజ బ్యానర్ కొంచెం కొంచెంగా బయటికొస్తోంది, ఇంకు వాసన కౌంటర్ దాకా కొడుతోంది. కుర్రాడు వాదించలేదు. సరేనండీ అని వచ్చేశాడు. మాకు చెప్పినప్పుడు కూడా నవ్వుతూనే చెప్పాడు, అలవాటైపోయినవాళ్ళ నవ్వు అది.

వ్యాపారం చేసేవాడు మతం చూసి బేరాన్ని వెనక్కి పంపొచ్చా? మా సమాధానం ముందే చెప్పేస్తాం: పంపకూడదు. ఏం అమ్మాలన్నది ఓనర్ ఇష్టం, ఎవరికి అమ్మాలన్నది కాదు. శాకాహార హోటల్లో చికెన్ బిర్యానీ పెట్టలేదని ఎవరూ గొడవ చేయరు, చేయకూడదు కూడా. అదే హోటల్లో ఇడ్లీ అడిగిన మనిషి టోపీ చూసో బొట్టు చూసో "అయిపోయాయండీ" అంటే మాత్రం అది వేరే సంగతి.

"నా షాపు, నా నమ్మకం, మీకేంటి?" అనేవాళ్ళున్నారు. వాళ్ళకి రాజ్యాంగమే చాలా సూటిగా జవాబిచ్చింది. 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాల పేర్లు చెప్పి మరీ, మతం, కులం, జాతి, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవర్నీ అడ్డుకోకూడదంది. ఇది ప్రభుత్వానికి ఒక్కదానికే చెప్పిన మాట కాదు, వీధి చివరి కిరాణా కొట్టుకి కూడా చెప్పింది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగినప్పుడు, షాపు అంటే లోపల అడుగు పెట్టనివ్వడంతో సరిపోదు, షరతులు ఒప్పుకున్నవాడికి సేవ కూడా అందించాలి అని అంబేద్కర్ వివరించారు. 2011లో సుప్రీంకోర్టు, జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి రాసిన తీర్పులో, ఆ వివరణనే పట్టుకుని షాపు అన్న మాటకి విశాలమైన అర్థం చెప్పింది. ఇక మత స్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం ఉంది కదా అంటారు. ఉంది, కానీ అందులో మొదటి వాక్యం చదవండి, ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యంతో పాటు ఈ భాగంలోని మిగతా నిబంధనలకు లోబడి అనే మొదలవుతుంది. మిగతా నిబంధనల్లో 15 కూడా ఉంది.

ఫ్లెక్సీ ఓనర్ తరఫున చెప్పడానికి ఒక మాట ఉందని మేమూ ఒప్పుకుంటాం. ఆయన ఆ కుర్రాణ్ణి కాదనలేదు, బ్యానర్ మీది వాక్యాన్ని కాదన్నాడు అనొచ్చు. బెల్‌ఫాస్ట్‌లో ఓ బేకరీ స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదం రాసిన కేకు చేయనంటే, 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు బేకరీ వైపే నిలిచింది, వాళ్ళ అభ్యంతరం నినాదం మీద, కస్టమర్ మీద కాదని. అదే ఏడాది అమెరికాలో, స్వలింగ జంటకి పెళ్ళి కేకు చేయనన్న కొలరాడో బేకరీ యజమాని గెలిచాడు గానీ, రాష్ట్ర కమిషన్ అతని మతం పట్ల చులకనగా ప్రవర్తించిందన్న కారణంతో గెలిచాడు, అసలు ప్రశ్న అలాగే మిగిలిపోయింది. అంతకు చాలా ముందు, 1968లో, దక్షిణ కరొలినాలో నల్లవాళ్ళని కూర్చోబెట్టి వడ్డించడం తన మతానికి విరుద్ధమన్న బార్బెక్యూ హోటళ్ళ యజమాని వాదనని అమెరికా సుప్రీంకోర్టు పరిశీలనకే తగనిదని తీసిపారేసింది.

మన ఫ్లెక్సీ షాపుకి ఆ బెల్‌ఫాస్ట్ బేకరీ మినహాయింపు వర్తిస్తుందా? మాకైతే అలా అనిపించదు. పొద్దున ఒక పార్టీ నాయకుడి పుట్టినరోజు బ్యానర్, సాయంత్రం ఆయన్ని తిట్టే పార్టీ బ్యానర్ ఒకే మెషీన్ మీద వేసేవాణ్ణి చూసి ఈయన ఏ పార్టీ అని ఎవరైనా అడిగారా? బ్యానర్ మీది మాట తెచ్చినవాడిది. ఇంకో మతాన్ని తిట్టే రాతలైతే వేయనని చెప్పడం ఆయన హక్కు, చెప్పాలి కూడా. మతం బ్యానర్లేవీ అసలు వేయనని బోర్డు పెట్టుకున్నా మాకు పేచీ లేదు. పడిపూజ వేస్తూ క్రిస్మస్‌కి మాత్రం మెషీన్ పాడైతే, అది నమ్మకం అనిపించుకోదు. నిజంగా నమ్మకమే అయితే మొహం మీదే చెప్పేవాడు, మెషీన్ మీద నెట్టేవాడు కాదు.

మన ఊళ్ళో కాదనడమంతా ఇంత మర్యాదగానే జరుగుతుంది, చిక్కంతా అక్కడే. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేయండి. పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగానే ఉంటుంది. పేరు చెప్పాక "అయ్యో, ఇప్పుడే ఒకరు అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారండీ". కొందరు నాన్‌వెజ్ తింటారా అని మొదలుపెట్టి అసలు ప్రశ్నకి చుట్టు తిరిగి వస్తారు. హార్బర్ దగ్గర వెంకన్న గుడి, రాస్ హిల్ చర్చి, దర్గా పక్కపక్క కొండల మీద ఉన్నాయని బయటివాళ్ళకి గొప్పగా చూపిస్తాం, చూపించాల్సిందే, కాకపోతే ఆ కొండల మీద ఎవరికీ అద్దె ఇల్లు అక్కర్లేదు. పైగా 15వ అధికరణంలో ఇళ్ళ ఊసే లేదు. అహ్మదాబాద్‌లో పార్సీలకి మాత్రమే అన్న హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా.

షాపుల సంగతికొస్తే, రాజ్యాంగం వద్దంది గానీ తప్పితే ఏం చేయాలో చెప్పే మామూలు చట్టం లేదు. అంటరానితనం పేరుతో సరుకు అమ్మనంటే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద జైలుంది. పర్మిట్ ఉన్న ఆటోవాడు అకారణంగా రానంటే మోటారు వాహనాల చట్టంలో జరిమానా ఉంది. మతం చూసి వెనక్కి పంపిన షాపువాడికి? హైకోర్టు దాకా వెళ్ళాలి, ఒక్క బ్యానర్ కోసం ఎవరు వెళ్తారు, వెళ్ళి ఏం రుజువు చేస్తారు, మెషీన్ బాగానే ఉందనా? వివక్ష మీద సమగ్ర చట్టం కోసం శశి థరూర్ పార్లమెంటులో ప్రైవేటు బిల్లు పెట్టారు, అదీ చట్టం కాలేదు. ఢిల్లీ ఎప్పుడు కదులుతుందో అని కూర్చోకుండా, రాష్ట్ర ప్రభుత్వం ట్రేడ్ లైసెన్సు షరతుల్లో ఒక్క లైను చేర్చి, ఫిర్యాదు తీసుకునే బాధ్యత విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఒక అధికారికి అప్పగించాలని మేం అడుగుతున్నాం. అద్దె ఇళ్ళకి ఇది సరిపోదు, తెలుసు. కనీసం షటరున్న చోట మొదలుపెట్టండి.

ఆ కుర్రాడి బ్యానర్ అదే సాయంత్రం రెండు వీధుల అవతల ఇంకో షాపులో తయారైంది. అక్కడి ఓనర్ మెడలో అయ్యప్ప మాల. ఫైలు తెరిచి చూసి ఆయన అడిగింది ఒక్కటే, చుట్టూ రింగులు కొట్టాలా, చెక్క ఫ్రేముకి బిగించాలా అని.