గ్రేడింగ్ డబ్బా గారికి ఒక రుద్దిన రూపాయి తరఫున

మహారాజశ్రీ ప్లాస్టిక్ డబ్బా గారికి,

పాత నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చి, నంబరు వేసి, తమ లోపల పెట్టి సీలు వేసుకునే తమరికి పాలమూరు నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, మొన్న శనివారం తమరి పేరు మీద ఒక మధ్యాహ్నం మొత్తం ధారపోశాను. ఆర్టీసీ బస్సులో షాద్‌నగర్ దాకా నిలబడి, ఆ తర్వాత ఎవరిదో ఉల్లిగడ్డ సంచి మీద కూర్చుని, హైదరాబాద్‌లో ఆ నాణేల దుకాణం మెట్లెక్కేసరికి రెండయింది. సేటు భోజనానికి పోయాడు. నాలుగింటికి వచ్చాడు. రుమాలు ముడి విప్పి రూపాయి ఆయన ముందు పెట్టాను. కంటికి అద్దం ఆనించి, లైటు కింద ఇటొకసారి అటొకసారి వంచి చూశాడు. అంతా కలిపి పది సెకన్లు.

"మాల్ అసలుదే సార్. కానీ రుద్దిన్రు. డబ్బా చేయించుకొని రండి, అప్పుడు మాట్లాడదాం."

"డబ్బా లేకుంటే?"

"వెండి రేటు."

ఛాయ్ కూడా తాగమనలేదు. తమరి హోదా ఏమిటో నాకు ఆ మెట్లు దిగుతుంటే అర్థమైంది. అసలుదే అని ఆయన నోటితోనే అన్నాడు. అయినా ఆ మాట తమరి లోపల అచ్చయి, నంబరు పడి, సీలు వేసుకుంటే తప్ప మాట కాదన్నమాట.

తమరికి ఆ రూపాయి ఎవరో చెప్పలేదు కదూ. హిజ్రీ 1326 నాటిది, అంటే మూసీ వరద హైదరాబాద్‌ను ముంచిన 1908 నాటి లెక్క. ఒక వైపు చార్మినార్. దాని కమాను కింద చిన్నగా ఉర్దూ 'మీమ్' అక్షరం, అంటే అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అదే కమాను కింద ఆయన పేరులో మొదటి అక్షరం 'ఐన్' వచ్చింది. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఈ మీమ్ గారి మీదనే. కాబట్టి అది మా ఊరి పేరు మోసుకొని తిరిగే రూపాయి. కొత్తగా ఉన్నప్పుడు 11.18 గ్రాములు, వెయ్యికి 818 పాళ్ల వెండి. మా అవుసలాయన తూకంలో 11.04 వచ్చింది. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. మోగిస్తే గంటలాగా మోగింది. "ఇంకేం గావాలె పంతులూ" అన్నాడు ఆయన. ఫీజు అడగలేదు.

తమరి నంబర్ల సంగతి కూడా చదువుకున్నాను. ఒకటి నుంచి 70 దాకా అట. నూరు మార్కులకు పేపర్లు దిద్దీ దిద్దీ రిటైరైన వాణ్ని, 70 దగ్గర ఎందుకు ఆగారో నాకు మింగుడు పడలేదు. విలియం షెల్డన్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త వాళ్ల పాత పెద్ద సెంట్ల కోసం, అంటే రాగి నాణేల కోసం, 1949లో ఈ కొలత పెట్టాడట. బాగా అరిగిపోయిన సెంటు ఒక డాలరైతే, మచ్చలేనిది 70 డాలర్లని ఆయన లెక్క. ఆ ధరలు ఎప్పుడో చెడిపోయాయి, నంబర్లు మాత్రం మిగిలాయి. నాకు బాగా నచ్చిన ముచ్చట ఇంకొకటుంది: మంచి సెంట్లు న్యూయార్క్ నాణేల సంఘంలోంచి కొట్టేసి, వాటి చోట నాసివి పెట్టాడని ఆ షెల్డన్ గారి గురించి తర్వాత బయటపడింది. అసలుదేదో నకిలీదేదో తేల్చడానికి ఆ దేశంలోనే 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అని నాణేలను డబ్బాల్లో పెట్టే కంపెనీలు పుట్టాయి. నంబర్లు మాత్రం ఆయనవే.

ఆ అమెరికాకే పంపిద్దామంటే అదీ కుదరదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని నాలాంటి ప్రైవేటు మనిషి దేశం దాటించకూడదు. సరే, దేశంలోనే చేయించుకుందామని ఫారం తెచ్చుకున్నాను. ఫీజు, పోను కొరియర్, రాను కొరియర్, బీమా, మీద జీఎస్టీ. చారాణా కోడికి బారాణా మసాలా. అందులో ఒక గడి ఉంది: "మీ నాణెం విలువ ఎంత?" అయ్యా, అది తెలియకనే కదా తమరి దగ్గరికి వస్తున్నది!

ఇక అసలు బాధకు వస్తాను. రుద్దిన్రు, అన్నాడు సేటు.

రుద్దింది మా నాయనమ్మ. ప్రతి దీపావళికీ లక్ష్మీపూజకు ముందు, వాకిట్లో పీట వేసుకుని, చింతపండు నానబెట్టి, ఇంత పొయ్యి బూడిద కలిపి, ఇత్తడి చెంబులతో పాటు ఈ రూపాయినీ తోమేది. ఆ తర్వాత పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పళ్లెంలో అమ్మవారి ముందు కూర్చోబెట్టేది. నల్లబడ్డ వెండి దేవుడి ముందు పెడితే ఇంటికి అరిష్టమని ఆమె భయం. ఆ నలుపును మీ భాషలో 'టోనింగ్' అంటారట, దానికి అదనంగా డబ్బులిచ్చే మనుషులు ఉన్నారట. ఇది మా నాయనమ్మకు తెలిసి ఉంటే ఆ మనుషులకు దిష్టి తీసి ఉండేది.

బస్సు దిగి ఇంటికొచ్చాక మా పిల్లగాడి భూతద్దం తీసి నేనూ చూశాను. నిజమే. మీనార్ల చుట్టూ, మీమ్ మీదుగా, వెంట్రుకంత సన్నని గీతలు. అన్నీ ఒకే వైపు, గుండ్రంగా, కుడి నుంచి ఎడమకు. నాయనమ్మ ఎడమచేతి వాటం మనిషి. అన్నం తప్ప అన్ని పనులూ ఎడమచేత్తోనే. ఆ గీతలు ఆమె బొటనవేలు తిరిగిన దారి. నలభై దీపావళులో యాభయ్యో.

దానికి తమరు వేసే ముద్ర 'క్లీన్డ్'. అసలుదే అని ఒప్పుకుంటారు కానీ నంబరు ఇవ్వరు. పరీక్ష రాశాడు, పాస్ కాలేదు, ఫెయిల్ అనీ అనలేం అన్నట్టు.

ఇక తమరు అనడం నా వల్ల కాదు. నువ్వు ఎవడివయ్యా? దేవరకొండలో మా బామ్మర్ది "బావా, డబ్బాల పెడితే రేటు మూడింతలు" అని ఊదరగొట్టి, తానొక రూపాయి పంపించాడు. నాలుగు నెలలకు తిరిగొచ్చింది. పాత హారంలోంచి తీసిన రూపాయి అది, అతుకు వేసిన కొక్కెం ఆనవాలు అంచున ఉంది. నంబరు లేదు. ఆ చుట్టుపక్కల తండాలలో ముసలమ్మల మెడల్లో వేలాడిన రూపాయలన్నీ నీ లెక్కలో దెబ్బతిన్న సరుకే కదా! ఇంకా బావుంది. ఎవరి చేతా పడక, ఎవరి మెడా ఎక్కక, ఏ పెళ్లిలోనూ చదివింపుకు పోక, పెట్టెలో పడి ఉన్నదే నీకు పుణ్యాత్మురాలు.

నీ అవసరం అసలు లేదని అనను. ఇదే బామ్మర్ది ఈస్టిండియా కంపెనీ పేరుతో హనుమంతుడి బొమ్మ ఉన్న 1818 నాటి 'అర్ధణా' ఒకటి కొన్నాడు. కంపెనీ అలాంటిది ఎన్నడూ వేయలేదు. వైష్ణోదేవి బొమ్మ నాణేనికి పది లక్షలు ఇస్తామన్న ఫోన్‌కూ ముందుగా 'రిజిస్ట్రేషన్' కట్టాడు. ఆర్బీఐ 2021లోనే జాగ్రత్త అని చెప్పింది, ఆయన వింటేనా. అలాంటి వాళ్లకు నువ్వు కావాలి. కానీ నీకే నకిలీలు పుట్టాయట. నిన్ను పరీక్షించి పెట్టడానికి ఇంకో డబ్బా చేస్తారేమో చూడాలి. ఒకే నాణెం డబ్బా పగలగొట్టి మళ్లీ పంపితే ఒక నంబరు పెరిగి వచ్చిన కథలూ విన్నాను. రీవాల్యుయేషన్‌కు ఫీజు కడితే పాసయ్యే పిల్లలు మా బడిలోనూ ఉండేవారు.

ఇంకొక మాట. మా బస్టాండ్ దగ్గర ఛాయ్ కొట్టువాడు భారత ప్రభుత్వం వేసిన పది రూపాయల బిళ్లనే తీసుకోడు. "నడుస్తలేదు సార్" అంటాడు. వాడి ముందు నీ ఆటలు కూడా సాగవు.

కొరియర్ పిల్లవాడికి రావొద్దని ఫోన్ చేశాను. ఫారం వెనక మా ఇంటామె పాల లెక్క రాసుకుంటోంది. ఇకమీదట ఆ రూపాయిని తోమనివ్వను, పాలల్లో ముంచి మెత్తటి గుడ్డతో అద్దుతాను. ఆ బుద్ధి నీ వల్లే వచ్చింది, కాదనను. ఈ సంగతి ఆమెకు చెప్పాను.

"దీపావళికి నల్లగ పెడ్తవా లచ్చిమి ముందట?" అని లోపలికి పోయింది. చింతపండు డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది.

ఇట్లు,
నాయనమ్మ మనవడు,
పాలమూరు