పుట్టుకతోనే ముసలిదైన నా గిటారుకి

గౌరవనీయులైన రెలిక్ గిటారు గారికి,

చెన్నై తిరువాన్మియూర్ నుంచి మీ ఓనరు నమస్కరించి రాయునది. మిమ్మల్ని 'మీరు' అంటున్నది మీ ఒంటి మీద పెచ్చులూడిన రంగు, తుప్పు పట్టిన స్క్రూలు, పసుపెక్కిన ప్లాస్టిక్కు చూసి. బస్సులో అయితే ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్లు. కానీ పెట్టెలో మీతోపాటు వచ్చిన సర్టిఫికెట్ మీద తేదీ చూశా. పుట్టింది కరోనా తర్వాత. రెలిక్ అంటే కొత్తగా చేసి, కావాలనే పాతదానిలా అరగదీసిన గిటారు. మా అక్క కూతురు నీకన్నా నాలుగేళ్లు పెద్దది. కాబట్టి ఇక్కడి నుంచి 'నువ్వు' అనే అంటా, ఏమనుకోకు.

నువ్వొచ్చిన రోజు సాలిగ్రామం నుంచి బాబాయ్ కూడా వచ్చాడు. తెలుగు పాటలు ఇంకా మద్రాసులోనే రికార్డయ్యే రోజుల్లో కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో రిథమ్ గిటారు వాయించిన మనిషి. పెట్టె మూత తియ్యగానే ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరిదిరా ఇది? ఆయన పోయారా?"

"ఎవరిదీ కాదు బాబాయ్, కొత్తది."

"మరి మోచెయ్యి ఆనే చోట రంగెట్లా పోయింది?"

"ఫ్యాక్టరీలో గీకారు."

"ఎవరైనా కోపంతోనా?"

"కాదు, జీతానికి."

బాబాయ్ దీని గురించి చాలాసేపు ఆలోచించాడు. "నెల జీతమా, కాల్షీటు లెక్కా?" అన్నాడు.

దీనికి నా దగ్గర సమాధానం లేదు గానీ నీ కులగోత్రాలు కొంత తెలుసు. 1995 జనవరిలో అమెరికాలో నామ్ అనే సంగీత పరికరాల ప్రదర్శనలో ఫెండర్ గిటారు కంపెనీ వాళ్ల కస్టమ్ షాప్ (ఆర్డరు మీద గిటార్లు చేసే విభాగం) మీ వంశంలో మొదటి ఇద్దరినీ పెట్టింది, చూసినవాళ్లు నిజంగా పాతవే అనుకున్నారట. ఆ ముసలి వేషం వేసినాయన విన్స్ కునెట్టో. అందులో ఒకటి నోకాస్టర్, నీ మోడలే. ఫెండర్ వాళ్ల గిటారు ఒకదాని పేరు బ్రాడ్‌కాస్టర్, 1951లో గ్రెట్ష్ కంపెనీ వాళ్లు అలాంటి పేరు మా డ్రమ్ములకుందని అభ్యంతరం చెబితే, ఫెండర్ వాళ్లు స్టిక్కర్ మీద ఆ మాటని కత్తిరించేసి, టెలీకాస్టర్ అని కొత్త పేరు దొరికేదాకా కొన్ని నెలలు అలాగే అమ్మారు. ఆ పేరు లేనివే నోకాస్టర్లు. అంటే బారసాల చెయ్యకుండా బుజ్జిగాడు బుజ్జిగాడు అని పిలుస్తూ స్కూల్లో చేర్పించేసినట్టు. నీకు ఆ లేని పేరు కూడా కాపీ కొట్టారు తల్లీ. ఖాళీని కూడా అచ్చుగుద్దినట్టు దించారు.

ఇక నిన్ను ముసలిదాన్ని చేసిన పద్ధతి. మామూలు కొత్త గిటార్ల మీద ఇప్పుడు పాలిస్టర్, పాలీయురేథేన్ పూత మందంగా ఉంటుంది, పదేళ్లు వాయించినా దానికి చీమ కుట్టినట్టుండదు. పాతవాటికి పల్చటి నైట్రోసెల్యులోజ్ లక్కర్ వేసేవాళ్లు. అది అరుగుతుంది, పసుపెక్కుతుంది, మంచులో ఆగిన వ్యాన్‌లోంచి వెచ్చటి గదిలోకి తెస్తే చెక్క ఒక లెక్కన, పూత ఒక లెక్కన వ్యాకోచించి సన్నగా పగుళ్లిస్తుంది. ఆ పగుళ్ల కోసం పెయింటు మీద చల్లటి స్ప్రే కొట్టేవాళ్లున్నారు, లోహం నల్లబడటానికి ఫెర్రిక్ క్లోరైడ్ పూసేవాళ్లున్నారు, ప్లాస్టిక్కుని టీలోనో కాఫీలోనో నానబెట్టేవాళ్లున్నారు. వీపు మీద బెల్టు బకిల్ గీకుళ్లు ప్రత్యేకం. ఎవరి బెల్టు అని అడక్కూడదు.

తమాషా ఏంటంటే నీ ఒంటి మీద మంచు పగుళ్లున్నాయి, ఉన్నది చెన్నైలో. ఇక్కడ డిసెంబరు-జనవరిల్లో వచ్చే మార్గళి నెలలో 20 డిగ్రీలకి దిగితే వాచ్‌మేన్ మంకీ క్యాప్ పెడతాడు. నువ్వు ఏ వ్యాన్‌లో, ఏ మంచులో ఎప్పుడు వణికావు?

ఇంకో మాట, నీకు నచ్చకపోవచ్చు. మా ఇంటికి సముద్రం అర కిలోమీటరు. ఉప్పు గాలికి కిటికీ గ్రిల్లు రెండేళ్లలో, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మూడేళ్లలో, ఫ్రిజ్ కాళ్లు ఎప్పుడో తెలియకుండా రెలిక్ అయిపోయాయి. ఎవరూ పైసా అదనంగా ఇవ్వలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి వేళచ్చేరిలో మునిగిన బైకులన్నీ హెవీ రెలిక్కులే, పాపం ఆ ఓనర్లకి మెకానిక్ బిల్లొచ్చింది గానీ సర్టిఫికెట్ రాలేదు. వీధి చివర స్క్రాపు కొట్టాయన చేతిలో ఇంత వ్యాపారం ఉందని ఆయనకే తెలీదు. మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ వాళ్లని చూడు, ఇన్నేళ్లలో గోడలకి టీ పూసినట్టు ఎక్కడా వినలేదు.

నిన్ను కొనేటప్పుడు వృద్ధాప్యం ఎంత కావాలో కూడా అడిగారు, దోసె ఎంత రోస్ట్ చెయ్యాలని అడిగినట్టు. క్లోసెట్ క్లాసిక్ అంటే కొని మంచం కింద పెట్టి మర్చిపోయినట్టు ఉంటుంది. జర్నీమన్ అంటే ఆదివారాలు వాయించినట్టు. రెలిక్, హెవీ రెలిక్ అంటే ఊరూరా తిరిగి, తాగి, కొట్లాడి, అప్పులపాలై వచ్చినట్టు. గిబ్సన్ అనే ఇంకో గిటారు కంపెనీ వాళ్లయితే 2021లో మర్ఫీ ల్యాబ్ అని ఏకంగా ల్యాబే పెట్టారు, అల్ట్రా లైట్ నుంచి అల్ట్రా హెవీ దాకా దొరుకుతుంది. నేను మధ్యలో ఉన్నది తీసుకున్నా. మధ్యతరగతి కదా, చెడిపోవడంలో కూడా అతి పనికిరాదు.

నిజంగా అరిగిన గిటారు చూడాలంటే ఐర్లాండ్ గిటారిస్టు రోరీ గల్లాఘర్‌ది చూడాలి. 1961లో తయారైన ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్, 1963లో ఐర్లాండ్‌లోని కార్క్ ఊళ్లో వాయిదాల మీద కొన్నాడు. స్టేజి మీద ఏళ్ల తరబడి కారిన చెమటకి రంగు రంగంతా ఊడిపోయి చెక్క బయటపడింది. ఆయన పోయింది 1995 జూన్‌లో, అంటే మీ వాళ్లు ప్రదర్శనకొచ్చిన ఐదు నెలలకి. ఆ గిటారు 2024లో వేలంలో అమ్ముడై వాళ్ల దేశపు జాతీయ మ్యూజియానికి చేరింది. ఆయనా వాయిదాల మీదే కొన్నాడు, నేనూ వాయిదాల మీదే కొన్నా. పోలిక ఇక్కడితో సరి. చెమట కూడా లెక్కలోకి తీసుకోవచ్చనుకో, నాది వాయించకముందే, మే నెలలో కరెంటు పోయినప్పుడు కారుతుంది.

మరి ఇన్ని తెలిసి ఎందుకు కొన్నావంటావా. నిజం చెప్తా. షాపులో నిన్ను ఒళ్లో పెట్టుకున్నప్పుడు నీ మెడ నా చేతికి ఎప్పట్నుంచో తెలిసినట్టు అనిపించింది. అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి, వెనక జిగురు జిగురుగా తగిలే పూత లేదు, చెయ్యి జారిపోతోంది. బాబాయ్ కూడా వెక్కిరించడం అయ్యాక తీసుకుని ఒక గంట వదల్లేదు. "మెడ మాత్రం బంగారం రా" అన్నాడు. ఆయన సొంత గిటారు గిబ్సన్ కాదు, కలకత్తా కంపెనీ గివ్‌సన్, ఒక్క గీత పడితే షూ పాలిష్ పూసి దాచేవాడు, బెల్టు తగలకుండా వీపుకి తుండుగుడ్డ కట్టేవాడు, ఎందుకంటే గీతలున్న గిటారుతో వెళ్తే మేనేజరు కాల్షీటు తగ్గిస్తాడని భయం. రెండో కారణం, కొత్త గిటారు కొన్నవాడికి మొదటి గీత టెన్షన్ ఉంటుంది, నీతో అది లేదు. గీతలన్నీ ముందే పడిపోయాయి, డబ్బు కూడా కట్టేశాను, ఇంక ఏం జరిగినా నష్టం లేదు.

అలా అనుకున్నా. పోయిన నెల ఒంగోలు నుంచి అమ్మ వచ్చేదాకా.

నీ గురించి అమ్మకి బాగానే వివరించా. మెడ సంగతి, చెయ్యి జారే సంగతి చెప్తే వెంటనే అర్థం చేసుకుంది కూడా. "కొత్త బియ్యాన్ని ఆవిరి పట్టి పాత బియ్యంలా అమ్ముతారే, స్టీమ్ రైస్, అదేగా?" అంది. ఇంత తేలిగ్గా నీ గురించి నేనెక్కడా చదవలేదు. "అన్నం పొడిపొడిగా వస్తే చాలు, బియ్యం వయసెవడిక్కావాలి" అని కూడా అంది. సంతోషంగా ఆఫీసుకెళ్లా.

సాయంత్రం వచ్చేసరికి నీ తీగలు విప్పేసి ఉన్నాయి. తీగల కింద ఉండే మూడు ఇత్తడి సాడిల్స్, శ్రద్ధగా యాసిడ్ పట్టించి నల్లబరిచిన ఆ మూడూ, దేవుడి గూట్లో కుందుల పక్కన తళతళలాడుతున్నాయి. చింతపండు, ఉప్పు. "ఇంత ఖరీదు పెట్టి కొని ఇత్తడికి చిలుము పట్టనిచ్చావేంట్రా? తోమేవాళ్లే లేరా ఈ ఇంట్లో?" అంది. స్క్రూలకి కొబ్బరినూనె రాసింది. నల్లటి మచ్చలు ఇంకా కొన్ని పోలేదని, రేపు బేకింగ్ సోడాతో చూస్తానని మాటిచ్చింది.

నేను అరిచా. మెరుస్తోందని అరిచా. బాబాయ్‌కి ఫోన్ చేసి నా గిటారుని ఎవరో కొత్తదాన్ని చేసేశారని చెప్పుకుంటే అవతల ఫోన్ పడిపోయిన చప్పుడు, తర్వాత నవ్వు, తర్వాత దగ్గు.

సర్వీసు వాళ్లని అడిగితే ముసలి సాడిల్స్ సెట్టు విడిగా దొరుకుతుందన్నారు. ధర విన్నాక ఆలోచించి చెప్తానన్నా. బాబాయే ఉపాయం చెప్పాడు. ఇప్పుడా మూడూ బాల్కనీలో, పాత చీర మీద, అమ్మ పెట్టిన గుమ్మడి వడియాల పక్కన ఎండుతున్నాయి. రోజూ సాయంత్రం ఉప్పు గాలి తగులుతోంది. కాకులు రాకుండా అమ్మ కర్ర పట్టుకుని కూర్చుంటోంది. వడియాలు మూడు రోజుల్లో అయిపోతాయంది. ఇత్తడి సంగతి తెలీదట, అది నల్లబడేదాకా తనెప్పుడూ ఆగలేదట.

కొంచెం ఓపిక పట్టు.

ఇట్లు,
నీ ఓనరు (ఇంకా 14 ఈఎంఐలు ఉన్నాయి)