ఎయిర్ ట్యాంకులో సూర్యోదయం

లారీ ఓనర్లకి కళాహృదయం లేదని ఇన్నేళ్ళూ అనుకున్నందుకు మనమందరం చెంపలు వేసుకోవాలి. నమ్మకం లేనివాళ్ళు పొద్దున్న ఏడింటికి గాజువాక ఆటోనగర్ వచ్చి, మా ఆఫీసు ఎదురుగా టీ బండి దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. ఒకప్పుడు అక్కడ డీజిల్ రేటు, పోర్టులో లోడింగు క్యూ, ఫైనాన్సు కుర్రాళ్ళ ఫోన్లు తప్ప వేరే మాట ఉండేది కాదు. ఇప్పుడు అందరికీ కెమెరా పిచ్చి పట్టింది. గ్లాసు చేతిలో పట్టుకుని ఒకాయన “నిన్న భీమిలిలో లైటు ఎలా పడింది గురూ!” అంటాడు. పక్కాయన కళ్ళు మూసుకుంటాడు. మూడో ఆయన “ఎఫ్ 1.8లో తియ్యాల్సింది” అని నిట్టూరుస్తాడు. టీ చల్లారిపోతుంది.

వీళ్ళలో నలుగురికి నేను లెక్కలు రాస్తాను. పేర్లు చెప్పను, ఇంకా రెండు నెలల జీతం రావాలి. బళ్ళ లెక్కని బట్టి పిలుచుకుందాం: ఆరు లారీలాయన, నాలుగు లారీలాయన, టిప్పర్లాయన, ఒంటి లారీ తమ్ముడు. డాక్టరు నాలుక చూసి జబ్బు చెప్పినట్టు, నేను బిల్లుల ఫైలు చూసి మనిషిని చెప్పగలను. నా బాధ కూడా ఒక బిల్లు దగ్గరే మొదలైంది.

పోయిన నెల ఒకే రోజు ఆరు లారీలాయన బల్ల మీదికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది కెమెరాలు, లెన్సులు దాచుకునే డ్రై క్యాబినెట్ బిల్లు. మన విశాఖ గాలిలో తేమ సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బా మూత మర్చిపోతే సాయంత్రానికి పాకం అవుతుంది. ఆ తేమకి లెన్సు లోపల ఫంగస్ పడుతుంది, సాలెగూడులా అల్లుకుంటుంది, ఒకసారి పట్టిందంటే గాజు మీద పూత తినేస్తుంది. అందుకని గాజు తలుపున్న బీరువా, దానికో తేమ మీటరు, ముల్లు ఎప్పుడూ 45 శాతం దగ్గర ఉండాలి. అది చాలదని మూలమూలా సిలికా జెల్ పొట్లాలు. నీలం పూసలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ పీల్చి నిండిపోయాయని గుర్తు. అప్పుడు వాటిని పెనం మీద వేడి చేస్తే మళ్ళీ నీలం అవుతాయట. ఆరు లారీలాయన ఇంట్లో ఆదివారం పొద్దున్న దోసెల పెనం ఖాళీ ఉండదని వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పి బాధపడింది.

ఆ బిల్లు మీద సంతకం నిలబడే పెట్టేశాడు.

రెండో కాగితం మేస్త్రి పంపించిన ఎస్టిమేటు: మూడో నంబరు బండికి ఎయిర్ డ్రైయర్ కార్ట్రిడ్జ్ మార్చాలి. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. కంప్రెసరు ఈ సముద్రపు గాలినే లాగి, బిగించి ట్యాంకులో నింపుతుంది. గాలి బిగిసి చల్లబడితే అందులో తేమ నీళ్ళుగా దిగుతుంది. ఆ తేమని ట్యాంకు దాకా రానివ్వకుండా పీల్చుకోవడానికే ఆ కార్ట్రిడ్జ్. అందులో ఉండేవీ తేమ పీల్చే పూసలే. అవీ నిండిపోతాయి, అవీ మార్చాలి. కాకపోతే పాపం వాటికి రంగు మారడం రాదు. నీళ్ళు లోపలికి దిగిపోయి, ట్యాంకుకి తుప్పు, వాల్వులకి చిలుము పట్టాకే తెలుస్తుంది.

“వచ్చే నెల చూద్దాం” అన్నాడాయన. అనేలోపే పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది. అసలు అంతకుముందు ఎప్పుడు మార్చామని ఫైలు తిరగేశాను. ఆ బండి బీఎస్-6 పొగ రూలు వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ తర్వాత కొన్నది. మార్చినట్టు ఒక్క బిల్లూ లేదు.

మెయింటెనెన్సు తెలియక కాదండోయ్. ఆ మాట అంటే నా కళ్ళు పోతాయి. టీ బండి దగ్గర వాళ్ళ జ్ఞానం వింటే పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునేవాళ్ళు లేచి దండం పెడతారు. బొగ్గు లోడు తోలే బండికి ఎయిర్ ఫిల్టరు తరచూ చూడాలని నాలుగు లారీలాయన చెబుతాడు. డీజిల్ ఫిల్టరు కింద నీళ్ళు వదలాలని, పొగని శుభ్రం చేసే యూరియా ట్యాంకులో నీళ్ళు కలిపితే తర్వాత ఏడవాల్సి వస్తుందని టిప్పర్లాయన చెబుతాడు. కింగ్ పిన్నుకి గ్రీజు కొట్టించకపోతే స్టీరింగు రాయి అవుతుందని ఆరు లారీలాయన చెబుతాడు. అందరూ తల ఊపుతారు. ఆయన చెబుతుండగానే రోడ్డవతల ఆయన బండే రివర్సు అవుతుంటుంది, డ్రైవరు సీట్లోంచి సగం లేచి, తిరగలి తిప్పినట్టు రెండు చేతులా స్టీరింగు తిప్పుతుంటాడు. “ఆ భుజం మీద వెలుగు చూడు” అంటాడు ఆరు లారీలాయన, ఫోను తీసి.

ఇక ఆగస్టు 19 సంగతి. ఆ రోజు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఆయుధపూజ తర్వాత మా ఆటోనగర్‌లో ఇంత నిష్ఠగా జరుపుకున్న పండగ నేను చూడలేదు. 1839లో అదే తారీఖున ఫ్రాన్సు ప్రభుత్వం డాగురే అనే ఆయన కనిపెట్టిన ఫొటో పద్ధతిని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేసిందని నాలుగు లారీలాయన ఉపన్యసించాడు. ఉచితం అన్న మాట దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. డాగురే ఇంగ్లండులో మాత్రం పేటెంటు తీసుకున్నాడని చెప్పగానే ఇంకా గట్టిగా కొట్టారు.

రాత్రి వాన వెలిసి ఎండ ఏటవాలుగా షెడ్డులో పడుతోంది. నాలుగు లారీలాయన బండి కింద గోనెసంచి పరుచుకుని మేస్త్రి పడుకున్నాడు. ఏదో వాల్వు చూడబోతూ, అలవాటు కొద్దీ ఎయిర్ ట్యాంకు అడుగున నీళ్ళు వదిలే రింగు లాగాడు. బుస్సుమని గాలి, దాంతో పాటు ముదురు టీ డికాక్షన్ రంగులో నీళ్ళు, తుంపర. ఎండ ఆ తుంపరలోంచి చారలు చారలుగా దిగింది. బాగానే ఉంది, కాదనను.

“ఆపు మేస్త్రీ! మళ్ళీ లాగు!” అని ఒంటి లారీ తమ్ముడు నేల మీద బోర్లా పడ్డాడు.

“గాలి దిగిపోనాది బాబూ.”

అయితే ఇంజను స్టార్ట్ చెయ్యమన్నారు. గాలి ఎక్కేదాకా నలుగురూ మీటరు ముల్లు చూస్తూ నిలబడ్డారు. ఒక బ్రేకు మీటరు వంక ఇంత భక్తిగా చూసిన ఓనర్లని నా ఉద్యోగంలో మొదటిసారి చూశాను. మళ్ళీ లాగాడు. గాలి వచ్చింది కానీ నీళ్ళు లేవు, మొదటి విడతలోనే అయిపోయాయి. “రంగు రాలేదు” అన్నాడు తమ్ముడు దిగులుగా. అప్పుడు మొదలైంది వేలంపాట.

“నా బండి పెట్టండి, ఆరు నెలల బట్టి తియ్యలేదు.”

“ఆరు నెలలేంటి, నాది ఏడాది!”

“నా టిప్పరుకి కొన్న దగ్గర్నుంచీ ఎవడూ చెయ్యి పెట్టలేదు” అన్నాడు టిప్పర్లాయన, మీసం మీద చెయ్యేసి. ఇంక ఎవరూ నోరెత్తలేదు.

టిప్పరుని ఎండకి ఎదురుగా తిప్పారు. దాని డ్రైవరుని పక్కన నిలబెట్టి దూరంగా చూడమన్నారు. “ఎంత దూరం సార్?” అని అడిగాడతను. “జీవితం వైపు చూడు” అన్నాడు నాలుగు లారీలాయన. అతను శీలానగర్ వైపు చూశాడు. ట్రైపాడ్లు దిగాయి. మేస్త్రి రింగు పట్టుకుని చూశాడు, రాలేదు, బిగుసుకుపోయింది. ప్లయరు పెట్టి లాగాడు. కొన్ననాటి నుంచి పేరుకున్న నీళ్ళు, నూనె, తుప్పు అన్నీ కలిసి ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. సగం మేస్త్రి మొహం మీద పడింది. మిగతాది ఆరు లారీలాయన 85 ఎంఎం లెన్సు మీద.

హాహాకారాలు. ఒకాయన గాలి బుడ్డి తెచ్చాడు. ఒకాయన లెన్సు తుడిచే ద్రావకం తెచ్చాడు. తమ్ముడు మెత్తటి గుడ్డ తెచ్చి, మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడవాలి అన్నా, అడ్డంగా తుడిస్తే గీతలు పడతాయి అని పురుడు పోస్తున్నట్టు చెబుతున్నాడు. బండి కింద నుంచి బయటికి పాకి వచ్చిన మేస్త్రి కళ్ళు తెరవలేక, చొక్కా అంచు వెతుక్కుంటూ తుడుచుకుంటున్నాడు. ఆ షెడ్డులో అతనికి గుడ్డ ఇచ్చిన మనిషి లేడు. నేనూ ఇవ్వలేదు. ఫైలు పట్టుకుని నిలబడ్డాను.

లెన్సు దక్కింది. ఈలోగా ఎండ ముదిరి “లైటు హార్ష్ అయిపోయింది” కనక కళ ఆగిపోయింది. రెండు బళ్ళ ట్యాంకుల్లో నీళ్ళు పోయాయి. తక్కిన బళ్ళు ఉన్న నీళ్ళతోనే పోర్టుకి బయల్దేరాయి.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. మూడో నంబరు బండి డ్రైవరు సంగతి వచ్చేసరికి నావల్ల కావడం లేదు. “ఎడంపక్క ఎనక బ్రేకు అందట్లేదు బాబూ” అని అతను నా ఎదురుగానే మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఒకటే జవాబు: నెమ్మదిగా నడుపు. పది చక్రాల బండి, సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. దాంతో ఎండాడ వాలు దిగి హనుమంతవాక సిగ్నలు దగ్గరికి రావాలి. ముందు స్కూలు పిల్లల ఆటోలుంటాయి. నెమ్మదిగా ఎలా నడపాలయ్యా? కాళ్ళు కింద పెట్టి ఆపాలా?

రేపేదన్నా జరిగితే పేపర్లో “బ్రేకులు ఫెయిలై” అని రెండు ముక్కలు వేస్తారు. లారీ బ్రేకులు ఊరికే ఫెయిల్ కావు. గాలి పూర్తిగా దిగిపోతే స్ప్రింగు బ్రేకు తనంతట తనే పట్టేసి బండిని నిలబెట్టేలా చేశారు దాన్ని. లైనింగులు అరిగి, బ్రేకు వదులు సర్దక, వాలులో డ్రమ్ములు కాలి, బ్రేకు తొక్కినా పట్టని స్థితి రావాలంటే నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఎవడో ఒకడు ప్రతిసారీ “వచ్చే నెల చూద్దాం” అని ఉండాలి. కేసు మాత్రం డ్రైవరు మీద. స్టేషన్లో ఓనరు “బండి వాడి చేతిలో ఉంది సార్, నాకేం తెలుసు” అంటాడు. లెన్సులో ఫంగస్ పడితే తెలిసే పెద్దమనిషికి బ్రేకులో నీళ్ళు తెలియవట! 2024 జనవరి మొదట్లో కొత్త చట్టంలో హిట్ అండ్ రన్ సెక్షన్ మీద దేశంలో చాలా చోట్ల డ్రైవర్లు బళ్ళు ఆపేసినప్పుడు, జైలు భయంతో రోడ్డు పక్కన కూర్చున్నవాళ్ళని చూసి మా వాళ్ళు ఏమన్నారో తెలుసా? ఆగిన లారీల వరసలో, చూపుని ఫొటో లోపలికి లాక్కెళ్ళే “లీడింగ్ లైన్స్” బాగా వచ్చాయన్నారు.

సరే. కోపం ఆరోగ్యానికి మంచిది కాదు, రెండు నెలల జీతానికి అసలే మంచిది కాదు.

మొన్న ఆరు లారీలాయన ఆఫీసు గోడకి నిలువెత్తు ఫొటో ఒకటి వచ్చింది. బ్లాక్ అండ్ వైట్. మూడో నంబరు బండి డ్రైవరు మొహం. నుదుటి మీద ప్రతి ముడతా లెక్కపెట్టుకోవచ్చు, గడ్డంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనిపిస్తుంది. కింద “శ్రమజీవి” అని అక్షరాలు. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటున్నారు. డ్రైవరు బేటా డబ్బుల కోసం వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“మొకం బాగుంది బాబూ. ఎనకాల టైరేటి, అలికేసినట్టుంది?”

“దాన్ని బోకే అంటారు” అని నేను చెప్పాను. “మొహం తప్ప మిగతాదంతా మసక చేసేస్తారు.”

అతను దగ్గరికి వెళ్ళి మసకలో వేలు పెట్టి చూపించాడు. రూలు ప్రకారం టైరు గాడి కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతుండాలి. ఆ టైరు గుండైపోయి, లోపలి తీగ బయటపడి నెల దాటింది. ఫొటోలో మాత్రం పట్టులా ఉంది.

“అయితే ఫిట్‌నెస్‌ టెస్టుకి ఎల్లినప్పుడు ఇదే అట్టుకెళ్దాం బాబూ” అన్నాడు. నవ్వలేదు. బేటా తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఫ్రేము కట్టినవాడి బిల్లు నా బల్ల మీదికి వచ్చింది, 4,800 రూపాయలు. ఏ ఖాతాలో వెయ్యమంటారని అడిగాను. ఆరు లారీలాయన క్యాబినెట్ ముల్లు చూసుకుంటూ, తల తిప్పకుండానే అన్నాడు, “మూడో నంబరు బండిదే కదా, మెయింటెనెన్సులో రాసెయ్.”

రాశాను. ఆ నెల ఆ పేజీలో అదొక్కటే ఎంట్రీ.