మహారాజశ్రీ ‘ఒక్కటే’ గారికి

గౌరవనీయులైన ‘ఒక్కటే’ గారికి, హన్మకొండ సుబేదారి నుంచి మీ పాత ఖాతాదారుడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మీరు కులాసాగానే ఉన్నారు, నిన్న సాయంత్రం చూశాను కదా. నా సంగతీ మీకు తెలియంది కాదు. అయినా రాస్తున్నాను. నిన్న పోయిన రెండున్నర గంటలకు ఎవరో ఒకరు లెక్క చెప్పాలి. ఇంట్లో అడిగితే చెప్పే మొహం నాకు లేదు.

ముందే ఒక మాట. మీరు సిగరెట్ కాదని నాకు తెలుసు. సిగరెట్‌తో నాకు పంచాయితీ లేదు. పాపం, అది డబ్బాలో పడుకుని ఉంటుంది, ఎవర్నీ పిలవదు. పిలిచేది మీరు. “ఒక్కటే కదా, ఏమైతది” అని అచ్చం నా గొంతుతో నా చెవిలో చెప్పేది మీరు.

నిన్న ఆదివారం, మానేసిన 37వ రోజు. మధ్యాహ్నం మటన్ కూర, ఓ కునుకు, లేవగానే చాయ్. నాలుగింటికి మా ఆవిడ “కొత్తిమీర అయిపోయింది, చౌరస్తా దాకా పోయి ఒక కట్ట తీసుకురండి” అంది. పది నిమిషాల పని. కొత్తిమీర బండికీ పాన్ డబ్బాకూ మధ్య నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లోనే మీరు ఎదురయ్యారు.

డబ్బా అతను నన్ను చూశాడు. ఏం కావాలని కూడా అడగలేదు. చెయ్యి పైకి పోయింది, నా బ్రాండు కిందికి వచ్చింది. 37 రోజులు కనబడని మనిషి ఏది తాగుతాడో గుర్తు పెట్టుకున్నాడు! మా ఆఫీసులో పదకొండేళ్లుగా నా ఇంటిపేరు తప్పు రాస్తున్నారు.

కొన్నాను. ఒక్కటే.

కానీ అక్కడే నిలబడి తాగే వీలు లేదు. మానేస్తున్నప్పుడు నలుగురికీ చెప్పండి, పట్టుదల పెరుగుతుంది అని డాక్టరు గారు సలహా ఇచ్చారు. నేను నలుగురికి చెప్పి ఊరుకోలేదు. మా కాలనీలో, ఆఫీసులో, అటు చుట్టాల్లో, ఇటు చుట్టాల్లో, చివరికి క్షౌరశాలలో కూడా చెప్పాను. ఇప్పుడు ఈ ఊళ్లో నేను సిగరెట్ వెలిగించాలంటే నన్ను తెలియని మనిషి ఉన్న చోటు వెతుక్కోవాలి. మీరే ధైర్యం చెప్పారు, “వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఈ టైముకు ఎవరుంటరు?” అని.

మా పాప లెక్కల సార్ ఉన్నారు. ట్రాక్ ప్యాంటుతో. “సార్, వాకింగ్ కూడా మొదలుపెట్టిండ్రా! మానేసిండ్రట కదా, గ్రేట్ సార్” అని చెయ్యి పట్టుకున్నారు. ఆయనకూ ఈ అలవాటుందట, మానలేకపోతున్నారట. విల్‌పవర్ ఎలా తెచ్చుకోవాలో నేను ఆయనకు చెరువు కట్ట మీద ఇరవై నిమిషాలు చెప్పాను. చొక్కా జేబులోంచి మీరు వింటూనే ఉన్నారు. ఒక్కసారైనా దగ్గి ఆపొచ్చు కదా.

అక్కణ్నుంచి భద్రకాళి చెరువు వైపు. అక్కడ మా వదిన, పిల్లలు, గుడి నుంచి వస్తూ. “మానేసినంక మొఖంల కళ వచ్చింది మరిదీ” అని పులిహోర పొట్లం చేతిలో పెట్టింది. కళ్లకద్దుకుని తిన్నాను. తిన్న వెంటనే మీరు రెండింతలయ్యారు. తిండి తర్వాత మీ బలం ఎంతో నాకు కొత్త కాదు.

అండర్ బ్రిడ్జి ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు, ఆ తర్వాత ఖిలా వరంగల్. శత్రువులు రాకుండా కాకతీయులు రాతికోట కట్టి, దాని చుట్టూ కందకం తవ్వి, ఆ బయట మట్టికోట పోశారు. ఏడు వందల ఏళ్ల తర్వాత నాలాంటి సీనియర్ అసిస్టెంట్ ఒకడు చుట్టాల కంట పడకుండా ఆ మట్టికోట వెనక చేరాడు. ఎవరూ లేరు. జేబులోంచి తీశాను. చెమటకు మెత్తబడి, మధ్యలో వంగి, ఇంటికొచ్చిన బీద చుట్టంలా ఉంది. నోట్లో పెట్టుకున్నాను.

అగ్గిపెట్టె లేదు.

మానేసినవాడి దగ్గర అగ్గిపెట్టె ఎందుకుంటుంది? లైటరేమో డబ్బా దగ్గర దారానికి కట్టి ఉంది, హన్మకొండలో.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఇది మీ పరువుకు సంబంధించింది. సిగరెట్ కోసం పుట్టే ఆ గుంజుడు మూడు నుంచి ఐదు నిమిషాలే ఉంటుందట. తీర్చినా పోతుంది, తీర్చకపోయినా పోతుంది. మొదటి మూడు రోజులు ఘోరంగా ఉంటుంది, మూడు నాలుగు వారాలకు ఒంటి గోల తగ్గుతుంది. నికోటిన్ అయితే రెండు మూడు రోజులకే నెత్తుర్లోంచి పోతుంది. అంటే 37వ రోజున అడుగుతున్నది నా ఒళ్లు కాదు. చాయ్ గ్లాసు అడుగుతోంది, మటన్ కూర అడుగుతోంది, ఖాళీగా ఉన్న కుడిచెయ్యి అడుగుతోంది. అందుకే ఆ ఐదు నిమిషాలు గడపమంటారు: నీళ్లు తాగు, గట్టిగా ఊపిరి తీసుకో, లేచి వేరే పని చూసుకో. కొత్తిమీర బండి దగ్గరే ఐదు నిమిషాలు నిలబడి బేరమాడితే మీరు పోయేవారు. నేనేం చేశాను? మిమ్మల్ని బండి మీద కూర్చోబెట్టుకుని వడ్డేపల్లి చూపించాను, భద్రకాళి చూపించాను, పులిహోర పెట్టాను, కోట చూపించాను. బయటి ఊరి నుంచి వచ్చిన అల్లుణ్ని కూడా ఎవరూ ఇట్లా తిప్పరు.

సరే, కందకం గట్టు మీద ఒక పెద్దాయన. బర్రెలు మేస్తున్నాయి, ఆయన బీడీ తాగుతున్నాడు. “నిప్పుందా తాతా?” అన్నాను. ఆయన తన బీడీ కొస చూపించాడు, అంటించుకున్నాను. రెండు దమ్ములు లాగానో లేదో తల గిర్రున తిరిగింది. కడుపులో తిప్పింది. పొగ పది సెకన్లలో మెదడుకు చేరుతుంది, అలవాటు తప్పిన తలకు అది దెబ్బలా తగులుతుంది. దగ్గు, కళ్లల్లో నీళ్లు. రాయి పట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన జాలిగా చూశాడు.

“కొత్తగ నేర్చుకుంటున్నవా బిడ్డా? ఈ వయసుల ఎందుకే?”

‘ఒక్కటే’ గారూ, ఈ మాటకు మీరేం చెబుతారు? 2001లో, ఇంటర్ చదివేటప్పుడు, కాలేజీ గేటు పక్క డబ్బాలో మొదలైంది మన స్నేహం. బడికి, కాలేజీకి వంద గజాల లోపల అమ్మొద్దని ఆ తర్వాత రెండేళ్లకు చట్టం వచ్చింది. మా డబ్బా అతను గజం కర్ర ఎప్పుడూ చూసినట్టు లేదు. రోజుకు ఎనిమిది చొప్పున 23 ఏళ్లు. నిన్న రాత్రి ఫోన్‌లో లెక్క వేశాను. 67,160. లీపు సంవత్సరాలు మీకు ఇనాం. ఇందులో ఏ ఒక్క దాన్నీ నేను 67,160లో ఒకటిగా కొనలేదు. ప్రతి దాన్నీ ‘ఒక్కటే’ అనే కొన్నాను. అంత అనుభవమున్నవాణ్ని పట్టుకుని కొత్తగా నేర్చుకుంటున్నావా అనిపించారు. నా సర్వీసుకు మీరిచ్చిన మర్యాద ఇది.

మీ తెలివి నిన్న రాత్రే నాకు పూర్తిగా అర్థమైంది. సిగరెట్ డబ్బా మీద 85 శాతం బొమ్మా హెచ్చరికా ఉండాలని 2016 నుంచి రూలు. 2018 నుంచి 1800 11 2356 అని, మానాలనుకునేవాళ్ల కోసం ఉచిత ఫోన్ నంబరు కూడా వేస్తున్నారు. కుళ్లిన గొంతు, పుండు పడ్డ బుగ్గ, పక్కనే ఆ నంబరు. ఇదంతా డబ్బా కొనేవాడికి. నేను డబ్బా కొన్నవాణ్ని కాదే! డబ్బా కొనేవాడు సిగరెట్లు తాగేవాడు, నేను ఒక్కటే తాగేవాణ్ని. ఒక్కటి తెల్లగా, ముద్దుగా, మచ్చ లేకుండా చేతికొస్తుంది. ఆ నంబరు నేను మొదటిసారి చూసింది ఈ మధ్యే, బస్టాండులో ఎవరో తొక్కేసిన ఖాళీ డబ్బా మీద.

మిమ్మల్ని వదిలించడానికి వచ్చినవాళ్ల గురించి ఎక్కువ రాయను. సినిమాకు ముందు వచ్చే పొగాకు మానమనే ప్రకటన చూసినప్పుడల్లా నాకు ఇంటర్వెల్ గుర్తొచ్చేది, అంతే. సోంపు నమలమన్నవాళ్లు, లవంగం చప్పరించమన్నవాళ్లు చల్లగా ఉండాలి. వాళ్ల పుణ్యాన వేయించిన బటానీలకు అలవాటు పడి నాలుగు కిలోలు పెరిగాను. ఇక సిగరెట్ మాన్పించడానికి ఇచ్చే నికోటిన్ గమ్. దాన్ని ఊరికే నమలకూడదట. నాలుగుసార్లు కొరికి, చురుక్కుమనగానే బుగ్గలో ఒక పక్కన పార్క్ చేయాలట. చౌరస్తాలో బండికే పార్కింగ్ దొరకని మనిషిని, బుగ్గలో ఎక్కడ చూడను? బబుల్‌గమ్‌లా నమిలేశాను. మీటింగ్‌లో గంటసేపు ఎక్కిళ్లు. వారానికే ఆ గమ్ మానేశాను. తప్పు గమ్‌ది కాదు, చెప్పినట్టు వాడినవాళ్లకు బాగానే పని చేసింది.

అసలు సంగతికి వస్తాను. ఆ పెద్దాయన వేళ్ల మధ్య ఉన్న బీడీకి గులాబీ రంగు దారం.

ఆ దారం నాకు తెలుసు. మాది కోరుట్ల వైపు. మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన నానబెట్టిన తునికాకు. కత్తిరించడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. చేతి నిండా పని ఉన్న రోజు వెయ్యి చుట్టేది. ఆ డబ్బుతో నా ఇంటర్ ఫీజు, హాస్టల్ ఫీజు, 2001లో నేను కొన్న ఆ మొదటి సిగరెట్ కూడా. రాత్రి అన్నం కలిపిన చెయ్యి తంబాకు వాసన వచ్చేది. ఇప్పుడు ఆమెకు దగ్గు, చలికాలం ఆయాసం, నెలనెలా బీడీ కార్మికుల పింఛను.

ఆమె ఒక్క బీడీ కూడా కాల్చలేదు.

నేను 23 ఏళ్లు తగలబెట్టిందంతా ఆమె చేతుల్లో 67 రోజుల పని. రోజుకు వెయ్యి చుట్టిన మనిషికి ఒక్కటి అక్కరలేకపోయింది. కొడుక్కి మాత్రం ‘ఒక్కటే’ కావాలి.

ఇంతవరకు మీరు, గారు అన్నాను. ఇక అనను. సిగ్గు లేదారా నీకు?

నేను మానేశానని చెప్పిన రోజు నుంచి అమ్మ ఆదివారం రాత్రి ఫోన్ చేసి రోజులు లెక్క అడుగుతుంది. ఆమె లెక్క కట్టల్లోనే. 25 దాటిన వారం “ఒక కట్ట అయింది బిడ్డా” అంది. ఆ గొంతులో సంతోషం నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా వినలేదు. నిన్న రాత్రి కూడా ఫోన్ వచ్చింది. సబ్బుతో మూడుసార్లు కడిగిన చేత్తో ఎత్తాను. “ఎన్ని?” అంది. “37” అన్నాను. “ఇంక పదమూడైతే రెండు కట్టలు” అంది. సరే అమ్మా అన్నాను. ఆ సరే అన్నది నేను కాదు, నువ్వు. మా అమ్మతో అబద్ధమాడింది నువ్వు, నా గొంతు పెట్టుకుని.

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున ఆఫీసుకు పోయే ముందు నేనే ఫోన్ చేశాను. “అమ్మా, నిన్న ఒకటి తాగిన” అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. పొయ్యి మీద ఏదో చిటపటలాడుతోంది. అప్పుడు అడిగింది.

“ఒక్కటేనా?”

23 ఏళ్లలో మొదటిసారి నీ పేరు నిజంగా పనికొచ్చింది. “ఒక్కటే” అన్నాను. రెండు దమ్ములేనని బేరమాడబోయాను, వినలేదు.

“లొట్ట బీడీ ఒకటుంటే కార్ఖానల కట్ట కట్టంత తీసేద్దురు” అంది. నా గుండె జారింది. “నేను కార్ఖానను కాదు గద. 37ల ఒకటి తీసెయ్. 36. ఇయ్యాల 37.” పెట్టేసింది.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆఫీసులో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నాలుగు గంటల చాయ్ వచ్చింది. దాని వెనకే నువ్వూ వచ్చావు, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నావు. చాయ్ వచ్చినప్పుడు గడియారం చూశాను: 4:06. నీళ్లు తాగాను. కిటికీ తీశాను, గేటు ముందు డబ్బా కనబడింది, మూసేశాను. పక్క సీటు ఆయన లైటర్ బల్ల మీద పెట్టి బాత్రూంకు పోయాడు. అదేం దారానికి కట్టి లేదు. నా కుడిచెయ్యి నీ మాట వినేలా ఉందని దానికి పెన్ను ఇచ్చి ఈ నాలుగు ముక్కలూ రాయిస్తున్నాను. 4:09. ఇంకా ఉన్నావు. మాట్లాడుతూనే ఉన్నావు. నిన్నటిది లెక్కలోకి రాదంటున్నావు, అమ్మ ఎట్లాగూ క్షమించిందంటున్నావు. 4:10. చాయ్ చల్లారింది. ఒక్కటే అంటున్నావు. 4:12.

గొంతు కొంచెం తగ్గించావు.

ఇట్లు,
మీ మాజీ (ఇవాళ్టికి)

తా.క.: కొత్తిమీర ఇంకా తేలేదు. సాయంత్రం మళ్లీ ఆ నాలుగడుగులూ నడవాలి.